తొట్టెలో చేపకు మేత: దానమా, బాకీయా?

నోరులేని జీవానికి ఇంత తిండి పెడితే పుణ్యమని మన ఇళ్లలో చిన్నప్పట్నుంచీ వింటూ పెరుగుతాం. వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు చీమలకు, తద్దినం నాటి పిండం కాకికి, వంటలో తొలి ముద్ద ఆవుకు. ఆ నమ్మకం పల్లె వాకిలి దాటి హైదరాబాదు అపార్టుమెంట్లకు, అక్కణ్ణుంచి డాలస్, న్యూజెర్సీ ఇళ్లకు కూడా మనతోపాటే వెళ్లింది. అలాంటి ఒక ఇంట్లో హాలు గోడకు ఆనించి ఉప్పునీటి అక్వేరియం ఉందనుకుందాం. నీలి లైట్ల కింద పగడాలు, వాటి మధ్య పసుప్పచ్చగా మెరిసే ఒక రాబిట్‌ఫిష్. పొద్దున్నే ఎండు సముద్రపు నాచు రేకు ఒకటి క్లిప్పుకు తగిలించి లోపలి గాజుకు అంటిస్తే చేప వచ్చి కొరుక్కుతింటుంది. పెట్టినవాడికి తన కడుపే నిండినట్టుంటుంది. ఆ తృప్తిని తప్పుపట్టడం నా పని కాదు. దానికి పుణ్యమని పేరు పెట్టడం దగ్గరే నాకు పేచీ. వాకిట్లో చీమకు పెట్టిన పిండీ, గాజు వెనక చేపకు పెట్టిన నాచూ ఒక ఖాతాలోకి రావు. మొదటిది దానం. రెండోది బాకీ. మీమాంసకుల లెక్కలో చెప్పాలంటే అది కోరిన ఫలం ఇచ్చే కామ్యకర్మ కాదు, నిత్యకర్మ: చేసినందుకు విశేషంగా ఒరిగేదేమీ ఉండదు, మానేస్తే మాత్రం దోషం అంటుకుంటుంది.

వాదం మొదలుపెట్టేముందు ఆ చేప ఎలాంటిదో తెలియాలి, ఎందుకంటే బాకీ ఎంతో తేల్చేది దాని ఒంటి తీరే. రాబిట్‌ఫిష్‌లన్నీ సిగానస్ అనే ఒకే ప్రజాతి. జాతులు ముప్ఫై దాకా ఉంటాయి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని తీరాలు వాటి పుట్టిల్లు. అక్వేరియం వాళ్లు ఎక్కువగా ఇష్టపడేది ఫాక్స్‌ఫేస్ అనే రకాన్ని: ఒళ్లంతా పసుపు, ముఖం మీద నలుపు తెలుపు పట్టీలు, ముందుకు సాగిన సన్నటి మూతి. వీపు మీద 13 ముళ్లు, తోక వైపు అడుగున 7, పొట్ట దగ్గరి రెక్కల్లో మరో 4. అన్నీ విషపు ముళ్లే. గుచ్చుకుంటే ప్రాణం మీదికి రాదు గానీ చెయ్యి మండిపోతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి ఉంచితే శాంతిస్తుంది. ఇన్ని ఆయుధాలు మోసేది వేటాడి బతికే చేప అనుకుంటాం. కాదు. అది పొద్దస్తమానం నాచు మేసే సాధుజీవి. ముళ్లన్నీ తనను మింగబోయే వాటి కోసం.

నాచు మీద బతకడమంటే తేలిక కాదు. అందులో సారం తక్కువ, అరగడానికి పట్టే సమయం ఎక్కువ. అందుకే పేగు పొడవు, అందుకే మేత ఎడతెగకుండా సాగాలి. గాజుకు అంటించిన నాచు రేకు దగ్గర దాన్ని గమనిస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. పెద్ద ముక్క పీకి మింగదు. చిన్న నోటితో అంచున టకటకా కొరుకుతూ పోతుంది, ఇంత వెనక్కి జరుగుతుంది, మళ్లీ వస్తుంది. కాసేపటికి రేకు అంచంతా చిన్న చిన్న నెలవంకల్లా కోసుకుపోయి ఉంటుంది. రోజుకోసారి చిటికెడు మేత చల్లి ఆఫీసుకు వెళ్లిపోయే పద్ధతి గోల్డ్‌ఫిష్‌తో ఎలాగో నెట్టుకొస్తుందేమో గానీ ఇక్కడ చెల్లదు. కొన్ని వారాల్లో పొట్ట లోపలికి పీక్కుపోతుంది, తల వెనక వీపు కండ కరిగి ముల్లు కనబడుతుంది. నోరి, గ్రాసిలేరియా, అల్వా లాంటి సముద్రపు నాచులు, స్పిరులినా కలిపిన మేత, ఇవీ దానికి పెట్టాల్సినవి. అదీ నూనె, ఉప్పు, మసాలా తగలని నోరి. రొయ్యల ముక్కలు వేసినా ఆబగా తింటుంది. ఇష్టంగా తింటోంది కదా అని అదే వేస్తూ పోతే ఆ ఒంటికి సరిపడదు. పెట్టేవాడి ముచ్చటకీ, తినేదాని అవసరానికీ మధ్య దూరం ఇక్కడే మొదలవుతుంది. దానమైతే ఇచ్చేవాడు తనకు తోచింది ఇవ్వొచ్చు, తోచినప్పుడు ఇవ్వొచ్చు. బాకీకి ఆ వెసులుబాటు లేదు. ఎంత ఇవ్వాలో, ఏ రూపంలో ఇవ్వాలో అవతలి పక్షం లెక్కే చెబుతుంది.

ఇంతకీ ఆ చేపను ఎందుకు కొంటారు? అందంకోసం కొందరు. చాలామంది మాత్రం పనికోసం. పగడాల తొట్టెలో నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగితే రాళ్ల మీద వెంట్రుకల్లాంటి నాచు, ఆకుపచ్చ బుడగల్లాంటి వలోనియా పట్టేస్తాయి, పగడాల ఊపిరి తీస్తాయి. అవి పెరగడానికి మూలం సాధారణంగా మనమే: మిగతా చేపలకు అతిగా వేసిన మేత, మార్చకుండా వదిలేసిన నీళ్లు. ఆ చెత్త తినిపెట్టడానికి దుకాణంవాడు ఫాక్స్‌ఫేస్‌ను సూచిస్తాడు. అది వచ్చి నమ్మకంగా పని చేస్తుంది. కొన్నాళ్లకు రాళ్లు తెల్లగా తేలతాయి, యజమాని మురిసిపోతాడు. చేపకు మాత్రం ఆ రోజునుంచే కరువు. పని అయిపోయింది కాబట్టి కూలీ ఆగిపోయింది. పైగా ఈ కూలీ ఇంకో ఊరు వెళ్లి పని వెతుక్కోలేదు. ఆకలేస్తే పగడాల్లాంటి జోయాంథిడ్‌లనో, కండ ఉన్న పగడాలనో కొరకడం మొదలుపెడుతుంది. అప్పుడు దానికి ‘పగడాలకు పడని చేప’ అని చెడ్డపేరు వస్తుంది, మరో ఇంటికి అమ్మకానికి పెడతారు. కడుపు నిండా నాచు దొరికే ఫాక్స్‌ఫేస్ పగడాల జోలికి వెళ్లడం అరుదు. అంటే పగడం మీద పడ్డ ఆ కాటు చాలాసార్లు చేప చేసిన నేరం కాదు, ఎగ్గొట్టిన బాకీకి రసీదు.

దానమా బాకీయా అన్న ఈ తేడా నేను పుట్టించింది కాదు. గృహస్థు రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి: ఇంట్లో వండిన దాంట్లోంచి ప్రాణులకు బలి, అంటే ఇంత భాగం, తీసిపెట్టడం. ఇది దయాగుణానికి ఉదాహరణగా చెబుతుంటారు. మనుస్మృతి మూడో అధ్యాయం ఆ యజ్ఞాలకు చెప్పే కారణం వేరు. ప్రతి ఇంట్లో అయిదు హింసాస్థానాలున్నాయట: పొయ్యి, తిరగలి, చీపురు, రోలూ రోకలీ, నీళ్లకుండ. బతకడానికి వాటిని వాడక తప్పదు, వాడితే చిన్న ప్రాణులు చావక తప్పదు. ఆ పాపానికి పరిహారంగా అయిదు యజ్ఞాలు. ఆ పట్టికలో నీళ్లకుండ కూడా ఉండటం నన్నెప్పుడూ ఆపుతుంది. ఇంట్లో నీళ్లు పట్టి ఉంచుకోవడంలోనే హింస ఉందని గుర్తించిన వాళ్లు, అయిదువందల లీటర్ల గాజుకుండను చూస్తే ఏ గడిలో రాసేవాళ్లో ఊహించుకోవచ్చు. విషయం ఏమిటంటే, పుణ్యకార్యమని మనం అనుకునే భూతబలి కూడా పుట్టుకలో పరిహారమే. చేసిన నష్టానికి చెల్లింపు. వాకిట్లో చీమ విషయంలోనే లెక్క ఇలా ఉంటే, ఆ చీమను పట్టి సీసాలో పెట్టి పిండి వేసేవాడి సంగతి వేరే చెప్పాలా?

ఇక్కడ సంప్రదాయంలోంచే ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది, దాన్ని దాటవేయడం సబబు కాదు. నిత్యకర్మ మానేస్తే దోషం పుడుతుందన్న మాటను శంకరాచార్యులు గీతాభాష్యంలోనూ తైత్తిరీయ భాష్యంలోనూ ఒప్పుకోలేదు. చేయకపోవడం అంటే ఒక అభావం. అభావంలోంచి పాపమనే భావపదార్థం ఎలా పుడుతుంది? లేనిదాంట్లోంచి ఉన్నది రాదు కదా, అని ఆయన తర్కం. ఆ లెక్కన మేత పెట్టకపోవడం ఒట్టి ‘చేయకపోవడమే’, అందులో పాపం ఎక్కడిది అని అడగొచ్చు. సంధ్యావందనం లాంటి నిత్యకర్మల సంగతి పండితులు తేల్చుకుంటారు. తొట్టె విషయంలో మాత్రం ఆ తర్కం నిలవదనుకుంటాను. సముద్రంలోని చేపకు నేను మేత పెట్టకపోతే అది నిజంగా అభావమే. నా వల్ల దానికి పోయిందేమీ లేదు. తొట్టెలో చేప అలా కాదు. దాని చుట్టూ గాజు నిలబెట్టడం ఒక క్రియ. పగడపు దిబ్బ మీద అది తన మేత తాను వెతుక్కునే శక్తిని తీసేయడం ఒక క్రియ. డబ్బిచ్చి ఆ క్రియను పూర్తిచేయించింది కొన్నవాడు. ఆ తర్వాత మేత పెట్టకపోవడమంటే కొత్తగా ఏమీ చేయకపోవడం కాదు, మొదట చేసినదాన్ని ప్రతిరోజూ కొనసాగించడం. జైల్లో ఖైదీకి కూడు పెట్టకపోతే జైలరు ‘నేనేం చేశాను, ఊరికే ఉన్నాను’ అంటే చెల్లుతుందా? పెట్టినందుకు అన్నదాత బిరుదు అడిగితే మాత్రం చెల్లుతుందా?

చేపను పాత్రలో పెట్టి పెంచిన మొట్టమొదటి మనిషి కథ మనకుంది. శతపథ బ్రాహ్మణంలో మనువు పొద్దున్నే చేతులు కడుక్కుంటుంటే ఆ నీళ్లలో ఒక చిన్న చేప చేతికి వస్తుంది. నన్ను సాకు, నిన్ను రాబోయే వరదనుంచి కాపాడతానంటుంది. చేపను చేపే మింగుతుంది కాబట్టి చిన్నగా ఉన్నన్నాళ్లూ మాకు గండమేనని కారణం కూడా చెబుతుంది. మొదట కుండలో పెట్టమంటుంది, కుండ చాలకపోతే గొయ్యి తవ్వి అందులో ఉంచమంటుంది, అదీ చాలకపోతే సముద్రానికి చేర్చమంటుంది. మనువు అలాగే చేస్తాడు. పురాణాల్లో ఇదే మత్స్యావతారమైంది. చిత్తూరు సీమలో నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో ఆ మూర్తికి నేటికీ పూజలు జరుగుతున్నాయి. అక్వేరియం పెట్టుకున్నవాళ్లకు ఇంతకన్నా పాత ప్రమాణం దొరకదు, కాబట్టి దాన్ని దగ్గరగా చదవాలి. సాకమని అడిగింది చేప. ఎంతకాలం, ఎందులో అన్న షరతులు పెట్టింది చేప. పాత్ర చేపతోపాటు పెరిగింది. గండం గడిచాక ప్రయాణం సముద్రంలోనే ముగిసింది. ఇప్పుడు దుకాణంలో ఫాక్స్‌ఫేస్‌ను చూడండి. అమ్మేటప్పుడు చాలాసార్లు అరచేతిలో పట్టేంతే ఉంటుంది. పెరిగితే దాదాపు 24 సెంటీమీటర్లు. అనుభవమున్నవాళ్లు దానికి కనీసం 470 లీటర్ల తొట్టె కావాలంటారు. కొనేవాళ్లలో ఎంతోమంది చేప పెరిగాక పెద్ద తొట్టె కొందాంలే అనుకుంటారు. చేప పెరుగుతుంది, ఆ కొనుగోలు మాత్రం వాయిదా పడుతూ ఉంటుంది. మనువు గొయ్యి తవ్వడం వాయిదా వేసి ఉంటే కథ ఏమయ్యేదో మరి.

దీనికి భాగవతంలోంచే ఎదురు ప్రమాణం చూపొచ్చు. పోతన తెలుగు చేసిన ఆ గ్రంథం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడనే ద్రవిడ రాజు దోసిట్లోకి చేప వస్తుంది. కలశం, ఇంకా పెద్ద పాత్ర, చెరువు అన్నీ చాలక రాజు చివరికి దాన్ని సముద్రంలో వదలబోతే, అక్కడ పెద్ద మొసళ్లు నన్ను తినేస్తాయి, వదలొద్దంటుంది చేప. చూశారా, చేపే సముద్రం వద్దంది, మన దగ్గర భద్రంగా ఉంది, వేటాడే జంతువు లేదు, తుఫాను లేదు, వేళకు తిండి ఉంది అనేవాళ్లు చాలామంది. బలమైన వాదనే. కానీ ఆ కథలో మాట్లాడింది చేప. మన హాల్లో చేప తరఫున మాట్లాడుతున్నది దాన్ని కొన్నవాడు. సాక్షీ ఆయనే, లబ్ధిదారూ ఆయనే. భద్రత సంగతి చేప ఒంటినే అడుగుదాం. రాత్రి లైట్లు ఆరాక ఫాక్స్‌ఫేస్ పసుపు వదిలేసి బూడిద, గోధుమ మచ్చల రంగులోకి మారి రాళ్లలో ఒదిగిపోతుంది. భయపడినా అంతే. ఈ సంగతి తెలియని కొత్తవాళ్లు పొద్దున్నే లైటు వేసి, చేపకు జబ్బు చేసిందనో చచ్చిపోయిందనో కంగారుపడతారు. సముద్రంలో తినేవాళ్ల కంట పడకుండా ఉండటానికి వచ్చిన ఏర్పాటు అది. పుట్టుకతో వచ్చిన అలవాటే, దాన్ని పట్టుకుని చేప ప్రతి రాత్రీ బెదిరిపోతోందని చెప్పడం అతి అవుతుంది. అయినా, ఇక్కడ శత్రువు లేడన్న వార్త ఆ ఒంటికి అందలేదన్నది మాత్రం నిజం. భద్రతను మనం చూస్తున్నాం. దానికి అందుతున్నది భద్రతేనని మనకెలా తెలుసు?

తిండి ఒక్కటే బాకీ అయితే డబ్బూ ఓపికా ఉన్నవాళ్లు తీర్చేయగలరు. చిక్కంతా ఈ చేప తినే పద్ధతిలో ఉంది. ఫాక్స్‌ఫేస్, దాని దగ్గరి బంధువులు కొన్ని పెద్దయ్యాక జంటలుగా బతుకుతాయి. సైమన్ బ్రాండెల్, డేవిడ్ బెల్‌వుడ్ అనే పరిశోధకులు ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ మీద నాలుగు జాతుల జంటల్ని వెంబడించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో నాకు ఏ శాస్త్రవాక్యానికీ తీసిపోదు. నాచు రాతి పగుళ్లలో లోతుగా ఉంటుంది. దానికోసం తల లోపలికి దూర్చిన చేపకు చుట్టూ ఏం జరుగుతోందో కనబడదు. అలాంటప్పుడు జంటలో రెండోది మేత మానేసి, ఇంత పైన తల పైకెత్తి నిలబడి కాపలా కాస్తుంది. కాసేపటికి వంతులు మారతాయి. అలా కాపలా ఉన్నప్పుడు మేసేది పగుళ్లలోకి మరింత లోతుగా వెళ్లి మేయగలుగుతుంది. కాపలా కాసేదానికి ఆ క్షణంలో దక్కేదేమీ లేదు. తన వంతు వస్తుందన్న నమ్మకం తప్ప. ఈ జంటలన్నీ ఆడా మగా జంటలు కూడా కావు, కాబట్టి ఇదంతా సంతానం కోసమేనని కొట్టిపారేయలేం. అంటే ఈ జాతిలో భోజనమన్నది ఒంటరి పని కాదు, ఇద్దరి మధ్య ఒప్పందం. మన తొట్టెలో క్లిప్పు దగ్గర నాచు రేకును కొరికే చేప వెనక్కి వెనక్కి జరిగి చుట్టూ చూసుకుంటుందే, ఆ చూపు వంతు పంచుకోవాల్సినది అక్కడ లేదు. ఉన్న బాకీలో ఈ భాగాన్ని ఏ నోరితో తీర్చాలి?

రెండో చేపను తెస్తే సరిపోతుందిగా అంటారు. కొన్నిసార్లు సరిపోతుంది, ముందునుంచే జతకట్టిన జంటను, విశాలమైన తొట్టెలో పెడితే. ఎవరికి వారుగా పెరిగిన రెంటిని ఇరుకులో కలిపితే ముళ్లు విప్పుకుని పోట్లాడుకోవడమూ మామూలే. పెళ్లిచూపుల్లో మనం చేసే పొరపాట్లే అక్కడా.

ఇంత సున్నితం చేపలకు ఎందుకు, వాటికి నొప్పే తెలియదట కదా అన్నది తరచూ వినబడే ఆక్షేపణ. దీని మీద శాస్త్రవేత్తల్లో తగువుంది. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఆసిటిక్ ఆమ్లం ఎక్కించి చూసింది: అవి మేత మానేశాయి, ఆమ్లం ఎక్కించినవి మూతిని గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. మార్ఫిన్ ఇచ్చినప్పుడు ఆ లక్షణాలు తగ్గాయి. మరోవైపు బ్రయన్ కీ అనే నాడీశాస్త్రజ్ఞుడు 2016లో, నొప్పిని అనుభవించడానికి కావలసిన కార్టెక్స్ చేప మెదడులో లేదని వాదించాడు. దానిమీద డజన్ల కొద్దీ జవాబులు వచ్చాయి. ఈ తగువు తెగేదాకా నా వాదం ఆగనక్కర్లేదు. బాకీ అనేది అవతలివాడు ఏడిస్తేనే పుట్టేది కాదు. నిద్రపోతున్నవాడి పొలం దున్నుకున్నా కౌలు కట్టాలి. పొట్ట పీక్కుపోవడం, కండ కరగడం, ఏడాది తిరక్కుండా చచ్చిపోవడం గాజు ఇవతలినుంచి ఎవరికైనా కనబడేవే. వాటిని చూడటానికి చేప మనసులోకి తొంగిచూడాల్సిన పని లేదు. దాని కర్మ అలా ఉంది, మన తొట్టెకు రావాలని రాసిపెట్టి ఉంది అనే మాట కూడా ఇలాంటిదే. దాని కర్మ దానిది కావచ్చు. డబ్బు కట్టిన చెయ్యి ఎవరిదో మరిచిపోవడానికి ఆ సిద్ధాంతం పుట్టలేదు.

అంతకన్నా పదునైన ఆక్షేపణ: చేపల్ని పులుసు పెట్టుకు తింటాం, ఒకినావాలో చిన్న రాబిట్‌ఫిష్‌లనే ఉప్పులో ఊరబెట్టి టోఫూ మీద పెట్టి తింటారు, అది తప్పు కానప్పుడు ముద్దుగా పెంచడం తప్పెలా అవుతుంది? తినడం తప్పా ఒప్పా అన్నది పెద్ద ప్రశ్న, ఇక్కడ తేలదు. కానీ రెండూ ఒకే రకం సంబంధాలు కావు. తినడంలో జరిగిందేదో జరిగి ముగుస్తుంది. పెంచడంలో ప్రతి పొద్దూ మళ్లీ మొదలవుతుంది. అందుకే దాన్ని నిత్యం అన్నాను. ఈ సందర్భంలో మహాభారతం అనుశాసన పర్వంలోని చ్యవనుడి కథ గుర్తొస్తుంది. ఆ ముని గంగా యమునల సంగమంలో పన్నెండేళ్లు నీళ్లలోనే ఉండి తపస్సు చేస్తే చేపలు భయం మాని ఆయన చుట్టూ తిరిగాయి. ఒకనాడు జాలర్ల వలలో చేపలతోపాటు ముని కూడా పైకి వచ్చాడు. చేపలు గిలగిల్లాడుతుంటే, ఇన్నాళ్లు వీటితో కలిసి ఉన్నాను, చావైనా అమ్మకమైనా వీటితోపాటే అన్నాడు. నహుష మహారాజు వచ్చి వెయ్యి నుంచి మొదలుపెట్టి రాజ్యమంతా ఇస్తానన్నా అది తన వెల కాదన్నాడు. చివరికి ఒక ఆవు సరైన వెలగా కుదిరింది. కథ చివర చేపలూ స్వర్గానికి వెళతాయి, జాలర్లూ వెళతారు. అంటే ఆ కథకు జాలరి మీద కోపం లేదు. పొట్టకూటికి పట్టేవాణ్ణి అది శపించదు. అది అడిగేది కలిసి బతికినవాణ్ణి. సహవాసం చేశావు కాబట్టి నువ్వు తప్పించుకోలేవు అంటుంది. పైగా చ్యవనుడు చేపల నీళ్లలోకి తాను వెళ్లాడు. మనం చేపను మన నీళ్లలోకి తెచ్చుకున్నాం. ఆయనకే అంత బాధ్యత ఉంటే మనకెంతుండాలి?

కుక్కనూ ఆవునూ పెంచట్లేదా అనే ప్రశ్నకు జవాబు చిన్నది. అవి వేల ఏళ్లుగా మనిషితో మారుతూ వచ్చాయి. వాటి బాకీ కూడా ఉంది, కాకపోతే దాన్ని తీర్చే దారులు మన ఊళ్లలోనే ఉన్నాయి. ఈ చేప సంగతి అలా కాదు. దుకాణానికి వచ్చే ఫాక్స్‌ఫేస్‌లలో ఎక్కువ భాగం పసిఫిక్ దిబ్బల మీద పట్టినవే. ఫిలిప్పీన్స్‌లో 1960లలో చేపల్ని మత్తెక్కించి పట్టడానికి సోడియం సయనైడ్ వాడకం మొదలైంది. దానివల్ల చేపతోపాటు పగడమూ దెబ్బతింటుంది. తొట్టెల్లో పొదిగించిన చేపలు పెరిగితే ఈ ఒక్క లెక్క తేలికపడుతుంది. మేత లెక్కా, తోడు లెక్కా అలాగే ఉంటాయి. చట్టం కూడా ఈ ప్రశ్నను తేల్చిపెట్టదు. మన దేశంలో 2001లోనే రాతి పగడాలకు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్ రక్షణ వచ్చింది, కాబట్టి మన సముద్రపు పగడాన్ని ఇంటికి తెచ్చుకోవడం నేరం. ఇంట్లో ఉన్న చేప కడుపు ఖాళీగా ఉంటే అడిగే అధికారి మాత్రం ఎవరూ రారు.

బాకీ భారమైందని సముద్రంలో వదిలేస్తే? మనువు చేసింది అదే కదా. మనువు దాన్ని ఏ నీళ్లనుంచి తీశాడో ఆ లోకపు నీళ్లకే చేర్చాడు. రాబిట్‌ఫిష్‌ను తనది కాని నీళ్లలోకి రానిస్తే ఏమవుతుందో మధ్యధరా సముద్రంలో కళ్లెదుట ఉంది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్ర సముద్రంనుంచి రెండు రాబిట్‌ఫిష్ జాతులు అటు దాటాయి. ఒకటి 1920లలో, రెండోది 1950లలో తూర్పు తీరాన కనబడ్డాయి. ఇప్పుడు టర్కీ, గ్రీసు తీరాల్లో అవి గోధుమ నాచు అడవుల్ని బోసి రాళ్లు మిగిలేదాకా మేసేశాయి. అక్కడి జీవాలన్నిటికీ నీడా తిండీ అయిన అడవులవి. డాలస్‌లో కొన్న చేపను మెక్సికో గల్ఫ్ తీరంలో వదలడం విముక్తి కాదు, ఒకరి బాకీని ఊరందరి మీద రుద్దడం. వదలడానికి వీల్లేదు, ఇంకొకరికి ఇస్తే బాకీ చేతులు మారుతుందే గానీ తీరదు. సెలవులకు ఊరెళితే పొడి మేత రాల్చే యంత్రం దొరుకుతుంది గానీ, నాచు రేకు మార్చి పొట్ట ఎలా ఉందో చూసే యంత్రం లేదు, మనిషిని పెట్టుకోవాలి. ఇవన్నీ విన్నాక ‘అయితే ఎవరూ పెంచకూడదంటావా’ అని అడిగితే, ఇప్పటికే ఇంట్లో ఉన్నదాని విషయంలో నా జవాబు: పెంచండి, పూర్తిగా, దాని లెక్క ప్రకారం, పుణ్యం ఆశించకుండా. కొత్తగా కొనబోయే వాళ్లతో చెప్పగలిగింది కొంచెం కటువుగా ఉంటుంది. చాలామంది కొనకపోవడమే మేలు.

ఈ వాదానికి లొంగని సందర్భం ఒకటుంది, దాన్ని దాచను. దుకాణంలో ఒక మూల చిన్న తొట్టెలో పొట్ట వీపుకు అంటుకుపోయిన ఫాక్స్‌ఫేస్ ఒకటి ఉంటుంది. వచ్చినప్పట్నుంచి ఏమీ ముట్టలేదంటాడు అమ్మేవాడు. చూసినవాడికి నాచూ, పెద్ద తొట్టే, ఓపికా అన్నీ ఉన్నాయి; తెచ్చుకుంటే బతికించవచ్చు. ఆ చేపతో అతనికి ఏ బాకీ లేదు, కాబట్టి నా లెక్కలోనే అది నిజమైన దానం అవుతుంది. కానీ బౌద్ధ దేశాల్లో పుణ్యంకోసం పక్షుల్నీ చేపల్నీ కొని వదిలే ఆచారం ఉంది. వదిలేవాళ్లు ఉన్నారు కాబట్టి పట్టేవాళ్లు పుట్టుకొచ్చారు. ఇక్కడా అంతే. దుకాణంవాడి పుస్తకంలో జాలిపడి కొన్న చేపా, ముచ్చటపడి కొన్న చేపా ఒకటే అమ్మకం; ఖాళీ అయిన తొట్టెలోకి వచ్చే వారం సరుకులో ఇంకొకటి దిగుతుంది. ఒక చేపను బతికించే డబ్బే ఇంకో చేపను దిబ్బ మీదనుంచి లాగుతుంది. గాజు ముందు నిలబడ్డవాడికి కనబడే చేప ఒకటే, రాబోయేది కనబడదు. జాలి ఉన్న మనిషి కనబడేదాని వైపే మొగ్గుతాడు, అతణ్ణి నేను తప్పుపట్టలేను. కొన్న క్షణంనుంచి ఆ రెండో చేప లెక్క కూడా అతని పేరు మీదే రాసి ఉంటుందని మాత్రం చెప్పగలను.